ఎనిమిదేళ్లు వాడాక న్యూమరికల్ రిలే గురించి

మా సబ్‌స్టేషన్‌లో 11 కేవీ ప్యానెల్ మీద డిస్కు తిరిగే పాత రిలేలు తీసేసి న్యూమరికల్ ఓవర్‌కరెంట్ రిలేలు (కరెంటు హద్దు దాటితే బ్రేకర్‌ను పడేసి సప్లై తెంచే డిజిటల్ పరికరాలు) పెట్టి ఎనిమిదేళ్లు దాటింది. మొదట్లో నాకు వీటి మీద గురి లేదు. పాతదైతే అద్దంలోంచి డిస్కు కదలడం కళ్లారా కనిపించేది. ఇందులో చిన్న తెర, నాలుగు బటన్లు, అంతే.

నా మనసు మార్చింది ఒక్క ట్రిప్పు (బ్రేకర్ పడిపోవడం). 2 ఎంవీఏ సామర్థ్యం ఉన్న ట్రాన్స్‌ఫార్మర్, 11/0.433 కేవీ, ఇంపెడెన్స్ (షార్టయితే కరెంటును అదుపు చేసే లోపలి అడ్డు) 6.25 శాతం. ఎల్‌టీ (433 వోల్టుల వైపు) ఫీడర్, అంటే లోడ్లకు వెళ్లే లైను, కేబుల్ బాక్సులో షార్టయింది. పడాల్సింది ఆ ఫీడర్ బ్రేకర్ ఒక్కటే. హెచ్‌టీ (11 కేవీ వైపు) బ్రేకర్ కూడా పడి ఆ సెక్షనంతా ఆగిపోయింది. రిలే చెడిపోయిందన్నారు అందరూ. రిలే దాచుకున్న ఫాల్ట్ రికార్డు తెరిచి చూస్తే ఒక ఫేజులో 1,540 ఆంపియర్లు, మిగతా రెండింట్లో 770 చొప్పున. డెల్టా-స్టార్ ట్రాన్స్‌ఫార్మర్‌కి (హెచ్‌టీ చుట్లు త్రికోణంగా, ఎల్‌టీ చుట్లు నక్షత్రంలా కలిపినది) ఎల్‌టీలో రెండు ఫేజులు తగులుకుంటే హెచ్‌టీలో కనబడేది సరిగ్గా ఇదే. రిలే నిజమే చెప్పింది.

తప్పు సెట్టింగ్‌ది. ఎల్‌టీ బస్‌బార్ (ఫీడర్లన్నీ కలిసే కడ్డీ) దగ్గర ఫాల్ట్ కరెంటు దాదాపు 42 వేల ఆంపియర్లు, హెచ్‌టీ వైపు లెక్కేస్తే 1,680. ఇన్‌స్టంటేనియస్ (ఆగకుండా వెంటనే పడేసే హద్దు) మాత్రం 1,300 దగ్గరుంది. పక్కనున్న 1 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ సెట్టింగే దీనికీ ఎక్కించేశారు. ఎక్కించింది నేనే, దాచడం దేనికి! దాన్ని 2,200కి పెంచాం. పికప్ (రిలే లెక్క మొదలెట్టే కరెంటు) 150, టీఎంఎస్ (ఆలస్యాన్ని పెంచి తగ్గించే గుణకం) 0.15 పెడితే స్టాండర్డ్ ఇన్వర్స్ కర్వు (కరెంటు ఎక్కువైతే త్వరగా పడే పద్ధతి) మీద ఆ 1,680కి 0.42 సెకన్లు వస్తుంది. కింద ఎల్‌టీ ఇన్‌కమర్ (ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే మెయిన్ బ్రేకర్) 0.2, ఫీడర్ తక్షణం. తర్వాత రెండుసార్లు షార్టయినా ఫీడర్ తప్ప ఏదీ కదల్లేదు.

టైమింగ్ విషయంలో వంక పెట్టలేను. ఏటా సెకండరీ ఇంజెక్షన్ (రిలేకి టెస్ట్ కరెంటు ఎక్కించి చూడడం) చేస్తే మొదటి రోజు అంకెలే వస్తున్నాయి. కిందిది ముందు పడేలా పాత డిస్కు రిలేల్లో ఒకదానికి, దాని పైదానికి మధ్య 0.4 సెకన్ల ఎడం వదిలేవాళ్లం, వీటికి 0.3 చాలుతోంది.

చిరాకులు లేకపోలేదు. డీసీ సప్లై పోతే ఇది కట్టె ముక్కే, అందుకే వాచ్‌డాగ్ కాంటాక్టును (రిలే ఆగిపోతే తెలియజేసే స్విచ్చు) అలారానికి కలపక తప్పలేదు. సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త ల్యాప్‌టాప్‌లో తెరుచుకోదు, దానికోసమే ఓ ముసలి ల్యాప్‌టాప్‌ను బీరువాలో కాపాడుకుంటున్నాం. అన్నిటికంటే విసుగు గడియారం. లోపలి బ్యాటరీ అయిపోతే ఏ రిలే ముందు పడిందో రికార్డులు పక్కపక్కన పెట్టినా తేలదు. నెలనెలా చేత్తో సరిచేస్తున్నాం. ఒకటి మాత్రం సప్లై పోయి వచ్చినప్పుడల్లా 2000 జనవరి 1 అనే చూపిస్తుంది.