రీసిల్వర్ మధ్యలో రెండో డిస్కు మొరాయిస్తే: ఇంటి సర్వర్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్‌తో కొన్నేళ్లు

మా ఇంట్లో ఫొటోలు, పెళ్లి వీడియోలు, నాన్న స్కాన్ చేయించిన పొలం కాగితాలు, నా పాత ప్రాజెక్టులు అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. పాత డెస్క్‌టాప్ క్యాబినెట్, 16 జీబీ ర్యామ్, నాలుగు 4 టీబీ డిస్కులు, వాటి మీద ట్రూనాస్, అంటే నెట్‌వర్క్ ద్వారా వాడుకునే నిల్వ పెట్టెను (నాస్) నడిపే ఆపరేటింగ్ సిస్టమ్. దాని పేరు ఫ్రీనాస్‌గా ఉన్న రోజుల నుంచీ వాడుతున్నాను. 2020లో పేరు మారింది, ఆ తర్వాత ఫ్రీబీఎస్‌డీ ఆధారంగా నడిచేది వదిలి లైనక్స్ ఆధారంగా నడిచే దానికి నేనూ మారాను. పైన తెరలు ఎన్నిసార్లు మారినా అడుగున డిస్కుల మీద ఫైళ్లను దాచి కాపాడే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మాత్రం అదే. అందుకే ఈ సమీక్ష జెడ్‌ఎఫ్‌ఎస్ గురించే అనుకోండి. అందులోనూ ఒక డిస్కు చెడిపోయి, కొత్తది నిండుతుండగా (ఇలా నింపడాన్నే రీసిల్వర్ అంటారు) మరొకటి మొరాయించినప్పుడు అది ఎలా నడుచుకుందో చెప్పడమే నా ఉద్దేశం. మామూలు రోజుల్లో ఏ నాస్ అయినా బాగానే పనిచేస్తుంది, దాని గురించి రాయడానికి ఏమీ లేదు.

నాలుగు డిస్కులనూ రెయిడ్‌జెడ్1 పద్ధతిలో ఒకే పూల్‌గా, అంటే ఉమ్మడి నిల్వగా కట్టాను. అంటే మూడు డిస్కులంత చోటు చేతికి వస్తుంది, నాలుగో డిస్కంత చోటు ప్యారిటీకి, అంటే పోయిన ముక్కను తిరిగి లెక్కగట్టడానికి దాచే అదనపు సమాచారానికి పోతుంది. ఒక డిస్కు పూర్తిగా పోయినా సమాచారం నిలుస్తుంది, రెండు పోతే నిలవదు. డబ్బు లెక్క చూసుకుని తెలిసే తీసుకున్న నిర్ణయం అది. ముఖ్యమైన ఫోల్డర్ల కాపీ విడిగా ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులో మా మేనమామ ఇంట్లో ఉండేది.

మొదటి హెచ్చరిక నెలవారీ స్క్రబ్ తర్వాత వచ్చిన మెయిల్. స్క్రబ్ అంటే జెడ్‌ఎఫ్‌ఎస్ తాను రాసిన ప్రతి బ్లాకునూ మళ్లీ చదివి, చెక్‌సమ్‌తో (రాసినప్పుడే లెక్కగట్టి దాచిన గుర్తు సంఖ్యతో) సరిపోల్చి, తేడా ఉంటే ప్యారిటీ సాయంతో సరిచేయడం. రెండో డిస్కులో కొన్ని బ్లాకులను అలా సరిచేశానని మెయిల్ సారాంశం. ఇలాంటప్పుడు డిస్కును అనుమానించే ముందు స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే నంబర్ల వారీ లెక్కలు చూడాలి. 199వ నంబరు లెక్క పెరుగుతుంటే తప్పు చాలావరకు కేబుల్‌ది. డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ కొత్తది వేస్తే పోయేదానికి డిస్కు కొనడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. నా డిస్కులో 199 సున్నాగానే ఉంది. పెరుగుతున్నవి 5, 197. మొదటిది డిస్కు ఇప్పటికే పక్కన పెట్టేసిన సెక్టార్ల (డిస్కు మీది చిన్న చిన్న గదుల) లెక్క, రెండోది చదవలేక ఎటూ తేల్చకుండా ఉంచిన సెక్టార్ల లెక్క. 197 ఒకసారి పెరిగి ఆగిపోతే కొన్నాళ్లు కనిపెట్టి చూడవచ్చు. వారం వారం పెరుగుతుంటే ఆ డిస్కుకు రోజులు దగ్గర పడ్డట్టే.

ఇక్కడ చాలామంది వెంటనే పాడవుతున్న డిస్కును పీకేసి, అదే చోట కొత్తది బిగిస్తారు. ఈ సమీక్షలో ఒక్క విషయమే గుర్తుంచుకోదలిస్తే ఇది గుర్తుంచుకోండి: కొనఊపిరితోనైనా తిరుగుతున్న డిస్కును తీయకండి. మదర్‌బోర్డులో ఒక సాటా పోర్టు ఖాళీగా ఉంటే కొత్త డిస్కును అక్కడ తగిలించి, పాతది అలాగే ఉండగానే రీప్లేస్ ఆదేశం ఇవ్వండి. అప్పుడు జెడ్‌ఎఫ్‌ఎస్ ఆ రెండింటినీ జంటగా చూస్తుంది. పాత డిస్కులో చదవగలిగినదంతా దాని నుంచే తీసుకుంటుంది, చదవలేని చోట మాత్రమే మిగతా మూడు డిస్కుల నుంచి లెక్కగట్టి నింపుతుంది. పాతదాన్ని పీకేస్తే ఆ క్షణం నుంచి ప్యారిటీ రక్షణ సున్నా. అలాగే ఉంచితే ఆ రక్షణలో చాలా భాగం ఇంకా మన చేతిలోనే ఉంటుంది. పాతది ఒక్కో సెక్టారు దగ్గర నిమిషాల తరబడి ఆగిపోతూ పని మొత్తాన్ని కుంటుపరిస్తే అప్పుడు ఆఫ్‌లైన్ చేయవచ్చు. అది ఆఖరి అస్త్రం.

డిస్కుల గుర్తింపు గురించి ఒక మాట. లైనక్స్ డిస్కులకు పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లను నమ్మకండి, రీబూట్ అయితే అవి అటూ ఇటూ మారతాయి. ప్రతి డిస్కు సీరియల్ నంబరులో చివరి నాలుగు అక్షరాలను కాగితం ముక్క మీద రాసి, క్యాబినెట్ తెరవగానే కనిపించే వైపు అంటించి ఉంచాను. కంగారులో మంచి డిస్కు కేబుల్ లాగితే అసలుకే మోసం.

కొత్త డిస్కు కొనేటప్పుడు చూడవలసింది అది సీఎంఆర్ రకమా, ఎస్‌ఎంఆర్ రకమా అని. సీఎంఆర్‌లో ట్రాకులు విడివిడిగా ఉంటాయి, ఎస్‌ఎంఆర్‌లో ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని మీదకు ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. ఒక చోట తిరగరాయాలంటే పక్కవాటినీ తిరగరాయాలి. మామూలు వాడకంలో ఇది తెలియదు, డిస్కు మొత్తం నింపే పని పడినప్పుడు మాత్రం వేగం నేలకు దిగుతుంది. నాస్ కోసమని అమ్మిన డిస్కుల్లో కొన్ని ఎస్‌ఎంఆర్ అని, ఆ సంగతి పెట్టె మీద చెప్పలేదని 2020లో బయటపడి పెద్ద రభస అయింది. అప్పటి నుంచి మోడల్ నంబరు చూసి, తయారీదారు వివరాల పత్రంలో సీఎంఆర్ అన్న మాట కనబడితేనే కొంటున్నాను. దుకాణదారు మాట మీద ఆధారపడను, పాపం అతనికీ తెలియదు.

రీసిల్వర్ మొదలుపెట్టే ముందు చేసిన పని, చివరి బ్యాకప్ తర్వాత చేరిన ఫొటోలను ల్యాప్‌టాప్‌లోకి తీసుకోవడం. రీసిల్వర్ అంటే అన్ని డిస్కులూ గంటల తరబడి ఆపకుండా తిరగడం. ఒకే రోజు కొన్నవి, ఒకే వేడిలో మగ్గినవి, ఒకే వయసువి కాబట్టి ఒకటి పోతుంటే మిగతావీ అదే బాటలో ఉన్నాయని అనుకోవడం మంచిది. పైగా అది విజయవాడలో మే నెల. క్యాబినెట్ పక్క తలుపు తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టినా డిస్కుల ఉష్ణోగ్రత 50 డిగ్రీల దగ్గరే ఆడింది. చాలా డిస్కులకు తయారీదారులు చెప్పే గరిష్ఠ పరిమితి 60 లేదా 65 డిగ్రీలు కాబట్టి సాగనిచ్చాను.

స్టేటస్ తెర ఎలా ఉంటుందో చెప్పాలి. పైన పూల్ పేరు, దాని కింద రెయిడ్‌జెడ్1 వరుస, అందులో రీప్లేసింగ్ అనే చిన్న శాఖ. దాని కింద పాత డిస్కు, కొత్త డిస్కు పక్కపక్కనే. ప్రతి డిస్కుకూ ఎదురుగా రీడ్, రైట్, చెక్‌సమ్ అని మూడు అంకెలు. ఎంత సమయం పడుతుందన్న అంచనా మొదట్లో భయపెట్టేలా ఉంటుంది. ముందు ఏ బ్లాకులు ఎక్కడున్నాయో సేకరించి, వరుసలో పెట్టుకుని ఆ తర్వాత రాస్తుంది కనుక అసలు వేగం కాసేపటికి గానీ తెలియదు. ఆ అంచనాను పట్టించుకోకండి.

సగం దాటాక నాలుగో డిస్కు ఎదురుగా రీడ్ కింద ఉన్న సున్నా కాస్తా ఒక అంకె అయింది. మళ్లీ చూసేసరికి ఇంకొంచెం పెరిగింది. పులి మీద పుట్ర అంటే ఇదే. పాత డిస్కును పీకేసి ఉంటే, నాలుగో డిస్కులో చదవలేని ప్రతి బ్లాకూ శాశ్వతంగా పోయేది. అది ఇంకా తగిలించే ఉంది కాబట్టి ఆ చోట్లలో దాని నుంచి చదివి, నాలుగో డిస్కు కోల్పోయిన ముక్కను లెక్కగట్టి, తిరిగి దాని మీదే రాసింది. అలా రాసినప్పుడు చెడ్డ సెక్టారును పక్కన పెట్టి వేరేది కేటాయించుకునే అవకాశం డిస్కుకూ దొరుకుతుంది. మధ్యలో కరెంటు పోయి, ఇన్వర్టర్ అందుకునే లోపే సర్వర్ ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేశాక రీసిల్వర్ మొదటికి రాలేదు, కాస్త వెనక నుంచి అందుకుని సాగిపోయింది. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే సర్వర్ ఉన్న ఇళ్లలో అది వేసి ఉంచాలి.

అంతా అయ్యాక తేలింది ఒకే ఒక్క ఫైలు నష్టం. దాన్ని దారితో సహా చూపించింది: పెళ్లి వీడియోల ఫోల్డరులో, విందు భాగం. రెండు డిస్కులూ ఒకే బ్లాకు దగ్గర చేతులెత్తేసిన చోటు అది. నాకు జెడ్‌ఎఫ్‌ఎస్ మీద గురి కుదిరింది ఇక్కడే. ఎక్కడో ఏదో పోయిందనో, పూల్ మొత్తం పోయిందనో చెప్పకుండా ఫలానా ఫైలు పోయిందని చెబుతుంది. ఫోల్డర్ల అమరికను చూపే సమాచారాన్ని అదనపు కాపీలతో దాచుకుంటుంది కాబట్టి అలాంటి ఒకటి రెండు సెక్టార్లు పోయినా మొత్తం చెట్టు కూలదు. ఆ వీడియోను మేనమామ ఇంటి డిస్కు నుంచి తెచ్చి పెట్టాను. ఫైలు మార్చినా తప్పుల జాబితాలో పాత పేరు కొంతకాలం వేలాడుతుంది, రెండు స్క్రబ్‌లు పూర్తయితే గానీ పోదు. కంగారు పడనక్కర్లేదు.

డిస్కులను ఇలాగే కలిపి కట్టే లైనక్స్ ఎండీ రెయిడ్‌లోనూ పాతది ఉండగానే రీప్లేస్ చేసే సౌకర్యం ఉంది, అది మంచి సాఫ్ట్‌వేరే. అయితే దానికి చెక్‌సమ్‌లు లేవు. డిస్కు తప్పు సమాచారాన్ని తప్పని చెప్పకుండా ఇస్తే దానికి తెలియదు, పోయిన సెక్టారు ఏ ఫైలుదో మనమే వెతుక్కోవాలి. ఖాళీ చోటును కూడా మొత్తం తిరగరాస్తుంది, జెడ్‌ఎఫ్‌ఎస్ నిండిన మేరకే రాస్తుంది. ఇక పాత హార్డ్‌వేర్ రెయిడ్ కార్డుల్లో చాలా వాటికి ఓపిక తక్కువ. డిస్కు కొన్ని సెకన్లు పలకకపోతే దాన్ని పూర్తిగా బయటకు నెట్టేస్తాయి. రీబిల్డ్ మధ్యలో అలా జరిగితే ఉన్నదంతా పోయినట్టే. నాస్ డిస్కులు 7 సెకన్లకు ఆ సెక్టారును వదిలేసి తప్పు చెప్పేలా తయారయ్యేది ఇందుకే.

ఫిర్యాదులు లేకపోలేదు. రెయిడ్‌జెడ్1ను ఉన్నపళంగా రెండు ప్యారిటీల రెయిడ్‌జెడ్2గా మార్చే దారి లేదు. 2025 జనవరిలో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో, అప్పటికే ఉన్న సమూహానికి ఒక డిస్కు చేర్చే వీలు వచ్చింది. కానీ దానివల్ల చోటే పెరుగుతుంది, ప్యారిటీ పెరగదు. పాత ఫైళ్లు కూడా తిరగరాసే వరకు పాత నిష్పత్తిలోనే ఉంటాయి. నేను రెండు ప్యారిటీలకు మారడానికి అంతా బయటి డిస్కులకు పంపి, పూల్ చెరిపి కొత్తగా కట్టి, మళ్లీ లోపలికి తెచ్చుకోవలసి వచ్చింది. వేర్వేరు సైజుల పాత డిస్కులు పోగేసుకుని సర్దుకుందామనుకునేవారికి జెడ్‌ఎఫ్‌ఎస్ నప్పదు, సమూహంలో అతి చిన్న డిస్కు ఎంతో మిగతావీ అంతే లెక్క.

చెడిన డిస్కులు రెండూ వారంటీలోనే ఉన్నాయి. బదులుగా వచ్చినవి కొత్తవి కావు, మరమ్మతు చేసి పంపినవి. డిస్కు మొత్తాన్ని చదివి చూసే లాంగ్ టెస్టు పెడితే రెండూ నెగ్గాయి. అయినా వాటిని పూల్‌లో చేర్చలేదు. మేనమామ ఇంట్లో పాత ఎక్స్‌టర్నల్ డిస్కుకు తోడుగా ఒకటి, ఇక్కడ బీరువాలో ఒకటి బ్యాకప్ కాపీలు మోస్తున్నాయి.