పాత వీడియో క్యాసెట్లు మార్పించుకునేవారు జాగ్రత్త: ‘వేస్టు’ పేరుతో గొంతులు కోసేస్తున్నారు

ఇంట్లో పాత పెళ్లి క్యాసెట్లు ఉండి, వాటిని పెన్‌డ్రైవ్‌లోకి మార్పించుకోవాలనుకుంటున్న విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. మాకు ఈ అనుభవం విజయనగరంలోని ఒక దుకాణంలో ఎదురైంది. దుకాణం పేరు రాయడం లేదు. ఇలాంటి పని ఎక్కడైనా జరగవచ్చు.

అటక మీది ట్రంకు పెట్టెలో దొరికిన క్యాసెట్లలో మాకు ముఖ్యమైనవి రెండు. ఒకటి 1994లో మా అత్త పెళ్లి. రెండోది మా బాబాయి మేడ మీద నుంచి తీసిన విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. క్యాసెట్‌కు 600 రూపాయలు అన్నారు. ‘హెచ్‌డీ చేసిస్తాం, కావాలంటే ఫోర్‌కే కూడా’ అన్నారు. ఆ మాట వినగానే లేచి వచ్చేయాల్సిన దుకాణం అది. ఎందుకో కింద చెబుతాను.

చేతికి వచ్చిన పెళ్లి వీడియో 50 నిమిషాలు. అసలు క్యాసెట్ మూడు గంటలది. మనుషులందరూ అడ్డంగా సాగి లావైపోయారు. మూలన దుకాణం పేరు మెరుస్తోంది. సన్నాయి లేదు, మంత్రాలు లేవు, మాటలు లేవు. మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలే. అప్పగింతల మీద కూడా ఒక హుషారైన పాట వేశారు! ఇదేమిటని అడిగితే యజమాని తాపీగా, ‘వేస్టు తీసేశామండీ. జనం ఊరికే తిరుగుతున్నవి, మాట్లాడుకుంటున్నవి ఎవరు చూస్తారు?’ అన్నాడు.

మా పెదనాన్నగారి పాత వీసీపీని, అంటే క్యాసెట్లు నడిపే యంత్రాన్ని, బాగు చేయించి, ఆ వేస్టు ఏమిటో ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. వీడియోగ్రాఫర్ దారి తప్పినట్టు వంటల పందిట్లోకి వెళ్లాడు. గాడిపొయ్యి పక్కన మా నానమ్మ విస్తళ్లు లెక్కపెడుతోంది. లైటు మీద పడగానే కొంగు తల మీదికి లాక్కుని, ‘నన్నెందుకు తీస్తావు నాయనా, పెళ్లికూతుర్ని తీయి’ అంది. అంటూనే ఇటు తిరిగి, బూరెల గంప దగ్గర చేయి పెట్టిన పిల్లవాడిని ఒక్క కసురు కసిరింది. ఆ వెనక ఎక్కడో తాతయ్య గొంతు: ‘పార్వతీపురం బస్సు వచ్చిందా, ఎవరైనా చూశారా?’

వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. ఫొటోలు చాలా ఉన్నాయి కానీ, వాళ్ల గొంతులు మా దగ్గర మరెక్కడా లేవు. బూరెల గంప దగ్గర దొరికిపోయిన ఆ పిల్లవాడు మా అన్నయ్య. ఆ ముక్కే నాలుగుసార్లు వెనక్కి తిప్పించుకున్నాడు. పీటల మీద తలంబ్రాలు పోసుకునే దృశ్యం అన్ని పెళ్లిళ్లలోనూ ఒకలాగే ఉంటుంది. అక్కడ అందరూ కెమెరా కోసం సర్దుకుని కూర్చుంటారు. ఇంటివాళ్లు ఇంటివాళ్లలా కనిపించేది ఈ పనికిరాని ముక్కల్లోనే.

అందుకే బేరం కుదుర్చుకునేటప్పుడే చెప్పండి: ఒక్క క్షణం కూడా కత్తిరించకుండా, దాని సొంత ధ్వనితో, పూర్తి ఫైలు కావాలని. పాటలు పెట్టిన ముక్క కావాలంటే అది వేరుగా చేయించుకోవచ్చు. ఇక ఫోర్‌కే సంగతి. మన దేశంలో నడిచిన పాల్ అనే టీవీ పద్ధతిలో బొమ్మను కూర్చే అడ్డగీతలు, తెర మీద కనిపించేవి, 576. అందులోనూ ఇళ్లలో ఉండే ఈ వీహెచ్ఎస్ రకం క్యాసెట్‌లో నమోదయ్యే వివరం తక్కువే. ఫైలు సైజు పెంచినంత మాత్రాన లేని ముక్కూ చెవులూ పుట్టుకు రావు. మనుషులు సాగిపోకుండా బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి పాతదే, 4:3గానే ఉండాలి, టీవీలో రెండు పక్కలా నల్లగా మిగిలితే మిగలనివ్వండి.

మీ క్యాసెట్‌ను మీ ఎదుటే పెట్టి నడిపి చూపించమనండి. క్యాసెట్లు నడిపే, రికార్డు చేసే వీసీఆర్‌ల తయారీలో చివరిదాకా మిగిలిన జపాన్ సంస్థ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. కాబట్టి ఇప్పుడు ఎవరి దగ్గరున్నా పాత యంత్రమే. రీలు మీది బొమ్మను చదివే హెడ్‌ను శుభ్రం చేయకపోతే బొమ్మ మీద గీతలు పడతాయి, రోలర్లు అరిగిపోయి ఉంటే రీలు నమిలేస్తుంది. కొందరి దగ్గర అసలు యంత్రమే ఉండదు, క్యాసెట్లు పోగేసి వేరే ఊరికి పంపిస్తారు. మన తీరప్రాంతపు తేమకు రీలు మీద తెల్లగా బూజు పడుతుంది. క్యాసెట్‌కు ఉండే చిన్న కిటికీలోంచి చూస్తే తెలుస్తుంది. అలాంటిదాన్ని శుభ్రం చేయకుండా నడపనివ్వకండి, బూజు యంత్రానికీ, దాంట్లో పెట్టే తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది. క్యాసెట్ అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్ల విరిచేసి ఇస్తే, పొరపాటున దాని మీద మరొకటి రికార్డు కాకుండా ఉంటుంది.

సగం డబ్బు వెనక్కి ఇచ్చారు. సిరిమాను మాత్రం రాలేదు. నాన్న చేతిరాతతో ఉన్న పెట్టె మాదే, లోపలున్నది ఎవరిదో పెళ్లి. దుకాణంలో అడిగితే ‘వెతుకుతాం’ అనడమే తప్ప ఉలుకూ పలుకూ లేదు. ఆ పెళ్లిలో వధువుకు ఒక పెద్దాయన బొబ్బిలి వీణ బహూకరిస్తున్నారు, పక్కన ఆకుపచ్చ పట్టుచీర కట్టుకున్న ముసలామె కళ్లు తుడుచుకుంటోంది. మీ ఇంటి పెళ్లి అనిపిస్తే చెప్పండి, క్యాసెట్ భద్రంగా ఉంది, తెచ్చి ఇస్తాం. మీరు ఇదే దుకాణానికి ఇచ్చి ఉంటే, మీ పెట్టెలు కూడా ఒకసారి తెరిచి చూడండి. పాలధార, తెల్ల ఏనుగు, ఆ వెనక చింతమాను మీద పూజారి, జనం విసురుతున్న అరటిపండ్లు, ఇవన్నీ మేడ మీద నుంచి తీసినట్టు కనిపిస్తే అది మాది. మొదట్లో రీలు ముడతలు పడి ఉంది. దయచేసి పూర్తిగా నడపకుండా ఆపేసి నాకు కబురు చేయండి.