రెక్టల్ ఎంఆర్‌ఐకి వెళ్లొచ్చు, ఏఐ స్కోరు మాత్రం వద్దనండి

అమీర్‌పేట వైపున్న ఈ స్కానింగ్ సెంటర్‌లో ఎంఆర్‌ఐ మిషను అయస్కాంత బలం 1.5 టెస్లా. 3 టెస్లా కాదని వెనకాడక్కర్లేదు. రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్ ఎంతవరకు పాకిందో చూడటానికి ఇది చాలు, తీసే పద్ధతి సరిగా ఉండాలంతే. ఇక్కడ ఉంది: టీ2 (పేగు గోడ పొరలు విడిగా కనిపించే రకం బొమ్మలు) స్లైసులు 3 మి.మీ. మందం, ఫ్యాట్ సప్రెషన్ (కొవ్వును నల్లగా చూపించడం) లేకుండా, గడ్డ ఉన్నచోట పేగుకు సరిగ్గా అడ్డంగా. ఈ కోణం తప్పితే గోడ దాటని గడ్డ కూడా దాటినట్టు కనిపిస్తుంది. గ్లకోమా (కంటి ఒత్తిడి జబ్బు) ఉందా అని అడిగి మరీ బస్కోపాన్ ఇంజెక్షన్ ఇస్తారు, పేగు కదిలి బొమ్మ చెదరకుండా. లోపల జెల్ నింపరు. అదీ మంచిదే, పేగు ఉబ్బితే చుట్టూ ఉన్న కొవ్వు నలిగి కొలతలు మారతాయి.

చిక్కంతా రిపోర్టుతోనే. ‘గోడ మందంగా ఉంది, కొన్ని నోడ్స్ (లింఫు గ్రంథులు) ఉన్నాయి’ అని రెండు ముక్కలు రాసి వదిలేస్తే సర్జన్ ఏం చేసుకోవాలి? గడ్డ కొవ్వులోకి ఎన్ని మి.మీ. చొచ్చుకెళ్లిందో ఉండాలి, 5కు లోపా, పైనా అన్నది ముఖ్యం. ఆ కొవ్వును చుట్టి ఉన్న పొరకు ఎంత దూరమో ఉండాలి. 1 మి.మీ. లోపైతే సాధారణంగా ఆపరేషన్ కంటే ముందు రేడియేషన్, కీమో మాట వస్తుంది. పేగు బయటి రక్తనాళాల్లోకి పాకిందా అన్నది, అంటే ఈఎంవీఐ, తప్పకుండా రాయాలి. అదుంటే కాలేయానికో ఊపిరితిత్తులకో చేరే ముప్పు ఎక్కువ. నోడ్స్‌ని సైజుతోనే తేల్చకూడదు. 9 మి.మీ. కంటే చిన్నవైతే గుండ్రంగా ఉన్నాయా, అంచు గరుకుగా ఉందా, లోపల ఒకే రంగులో లేవా అనేవి చూడాలి. ‘స్ట్రక్చర్డ్ రిపోర్టు’, అంటే అంశాల వారీగా రాసేది, కావాలని బుకింగ్ అప్పుడే చెబితే ఇవన్నీ రాసిస్తారు. చెప్పకపోతే ఆ రెండు ముక్కలే.

ఏఐతో ‘వ్యాప్తి ముప్పు’ ఇంత శాతం అని ఇంకో కాగితం, దానికి వేరే చార్జి. ఏ మిషన్ల బొమ్మలతో నేర్పారో కౌంటర్‌లో చెప్పలేరు. మిషను మారినా, స్లైసు మందం మారినా, గడ్డ అంచు గీసే మనిషి మారినా ఆ అంకె మారొచ్చు. ఆ డబ్బు ఛాతీ, పొట్ట కాంట్రాస్ట్ (మందు ఎక్కించి తీసే) సీటీకి పెట్టండి. కాలేయం, ఊపిరితిత్తులు ఈ ఎంఆర్‌ఐలో రావు మరి. సీటీకి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూస్తారు, ఆ రిపోర్టు వెంట తీసుకెళ్లండి.

ఫిల్ములు వాళ్లే ఇస్తారు, సీడీ అడిగితేనే. రెండో అభిప్రాయానికి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లినా, నిమ్స్‌కి వెళ్లినా ఫిల్ము కంటే సీడీయే పనికొస్తుంది. టీ2, డిఫ్యూజన్ (కణజాలంలో నీటి కదలికను చూపే) సిరీస్‌లు రెండూ అందులో ఉన్నాయో లేదో అక్కడే తెరిపించి చూసుకోండి.