పాత ఇంటికి పన్ను ఊరట: కాలిఫోర్నియా ఒప్పందం మేలా, వాషింగ్టన్ మినహాయింపు మేలా?

చారిత్రక కట్టడాన్ని కూల్చకుండా నిలబెట్టుకునే యజమానికి ఆస్తి పన్నులో ఊరట కల్పించడానికి అమెరికా రాష్ట్రాలు తలా ఒక దారి పట్టాయి. వాటిలో కాలిఫోర్నియా 1972లో తెచ్చిన మిల్స్ చట్టానికీ, వాషింగ్టన్ రాష్ట్రం 1985లో తెచ్చిన ప్రత్యేక మూల్యాంకన విధానానికీ ఉద్దేశం ఒకటే అయినా లెక్క కట్టే తీరులో పోలికే లేదు. బే ఏరియాలోనో సియాటిల్‌లోనో ఇల్లు వెతుక్కుంటున్న తెలుగువారికి, చారిత్రక కట్టడంగా గుర్తింపు పొందిన ఇంటిని చూపిస్తూ ‘పన్ను బాగా తగ్గుతుంది’ అని ఏజెంటు చెప్పే మాట ఏ మేరకు నిజమో తేల్చుకోవాలంటే ఈ తేడా తెలిసి ఉండాలి.

మిల్స్ చట్టం కింద యజమాని తన నగరంతో కనీసం పదేళ్ల ఒప్పందం చేసుకుంటాడు. ఆ ఒప్పందం ఏటా దానంతట అదే మరో ఏడాది ముందుకు జరుగుతుంది. ఇల్లు అమ్మితే కొన్నవారికి సంక్రమిస్తుంది. అప్పటినుంచి పన్ను విధించే అధికారి ఇంటి మార్కెట్ ధరను పక్కనపెట్టి, ఆ ఇంటిని అద్దెకిస్తే ఖర్చులు పోను ఏడాదికి ఎంత మిగులుతుందో చూసి, దాన్ని ఒక నిర్ణీత రేటుతో భాగించి విలువ కడతాడు. ఆ రేటులో గృహరుణ వడ్డీని బట్టి రాష్ట్రం ఏటా ప్రకటించే శాతం, యజమానే నివసిస్తుంటే 4 శాతం (అద్దెకిస్తే 2 శాతం) నష్టభయపు వాటా, పన్ను రేటు, కట్టడపు మిగిలిన ఆయుష్షును బట్టి వేసే తరుగుదల కలుస్తాయి. వడ్డీలు పెరిగిన ఏడాది భాజకం పెరిగి పన్ను మరింత తగ్గుతుందన్నమాట. అప్పు చేసి ఇల్లు కొన్నవారికి ఇదొక చిత్రమైన ఓదార్పు.

ఊహకు ఒక లెక్క వేద్దాం. 12 లక్షల డాలర్లకు కొన్న ఇంటికి 1.1 శాతం చొప్పున ఏడాదికి 13,200 డాలర్ల పన్ను పడుతుంది. నెలకు 6,500 అద్దె వస్తుందనుకుని ఖర్చుల కింద 14,400 తీసేస్తే 63,600 మిగులుతుంది. మొత్తం రేటు 12 శాతమైతే విలువ 5.3 లక్షలు, పన్ను 5,830. అంటే సగానికి పైగా ఆదా, అదీ ఒప్పందం ఉన్నన్నాళ్లూ. అయితే అదే వీధిలో అదే తరహా ఇంటిని 1980లో లక్ష డాలర్లకు కొన్న వృద్ధ దంపతులకు ఈ చట్టం ఒక్క డాలరు కూడా మిగల్చదు. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన 13వ ప్రతిపాదన (ప్రాపొజిషన్ 13) వల్ల వారి పన్ను విలువ ఏటా 2 శాతానికి మించి పెరగలేదు. ఇప్పటికీ అది రెండున్నర లక్షల లోపే ఉంది. మిల్స్ చట్టం ప్రకారం మార్కెట్ ధర, 13వ ప్రతిపాదన కింద వచ్చే విలువ, అద్దెను బట్టి కట్టిన విలువ, ఈ మూడింటిలో అన్నిటికంటే తక్కువదానికే పన్ను వేస్తారు కనుక వారికి కొత్తగా తగ్గేదేమీ ఉండదు. నాలుగు దశాబ్దాలు ఇంటిని కాపాడినవారికి దక్కని ఊరట నిన్న కొన్నవారికి దక్కడం ఈ పద్ధతిలోని పెద్ద లోపమని నా అభిప్రాయం.

వాషింగ్టన్ విధానం పాత యజమాని, కొత్త యజమాని అన్న తేడా చూడదు. చేసిన ఖర్చును చూస్తుంది. స్థలం విలువ మినహాయించి కట్టడం విలువలో కనీసం 25 శాతాన్ని 24 నెలల లోపు పునరుద్ధరణకు ఖర్చు చేస్తే, ఆ ఖర్చు మొత్తాన్ని పదేళ్లపాటు పన్ను విలువలోంచి తీసేస్తారు. వినడానికి గొప్పగా ఉన్నా, రెండు లక్షల డాలర్లు పెట్టినవారికి దాదాపు 1 శాతం పన్ను రేటు మీద ఏడాదికి రెండు వేలు, పదేళ్లకు ఇరవై వేలు మిగులుతాయి. ఖర్చులో పదో వంతు మాత్రమే తిరిగి వస్తుంది కనుక, ఎలాగూ మరమ్మతు చేయించక తప్పనివారికి ఇది మంచి ఊతమే తప్ప, ఆ మరమ్మతుకు పురికొల్పేంత మొత్తం కాదు. పదకొండో ఏట కప్పు కారితే ఆ భారం పూర్తిగా యజమానిదే.

షరతుల విషయంలో రెండూ కఠినమైనవే. చెక్క చట్రం పుచ్చిపోయిన పాత కిటికీని తీసేసి వినైల్ కిటికీ పెట్టేస్తే చవకలో పోతుంది, కానీ అది కుదరదు. పుచ్చిన ముక్క మేరకు కోసి, అదే జాతి కలప అతికి, పాత గాజునే మళ్లీ బిగించమంటారు. కాలిఫోర్నియాలో అయిదేళ్లకోసారి లోపలా బయటా తనిఖీ ఉంటుంది. మాట తప్పిన యజమాని ఒప్పందాన్ని నగరం రద్దు చేస్తే మార్కెట్ విలువలో 12.5 శాతం జరిమానా పడుతుంది. వాషింగ్టన్‌లో అర్హత పోగొట్టుకుంటే అప్పటిదాకా తప్పిన పన్నును వడ్డీ, జరిమానాలతో కట్టాలి. సమాఖ్య ప్రభుత్వం ఇచ్చే 20 శాతం ఆదాయపు పన్ను రాయితీ వేరే సంగతి. అది ఆదాయం తెచ్చే కట్టడాలకే గాని సొంత నివాసానికి వర్తించదు.

కాబట్టి ఇటీవల ఎక్కువ ధరకు కొని, అందులోనే చాలాకాలం ఉండదలచినవారికి మిల్స్ ఒప్పందమే మేలు. శిథిలావస్థలో ఉన్న కట్టడానికి ఒక్కసారిగా ప్రాణం పోయవలసి వస్తే వాషింగ్టన్ పద్ధతే సూటిగా ఉంటుంది. ఒకదాన్నే ఎంచుకోమంటే నేను మిల్స్ వైపే మొగ్గుతాను. పాత ఇళ్లు ఒక్క పెద్ద మరమ్మతు లేక పడిపోవడం కంటే ఏటేటా చిన్న మరమ్మతులు జరగక పాడైపోవడమే ఎక్కువ.

మన దగ్గర ఏది పనికొస్తుందన్నది పన్ను పునాదిని బట్టి తేలుతుంది. హైదరాబాద్‌లో ఇళ్ల పన్ను ఇప్పటికే అద్దె విలువ మీద ఉంది కనుక మిల్స్ పద్ధతిని యథాతథంగా తెచ్చినా పెద్దగా ఒరిగేది లేదు. అక్కడ మరమ్మతు ఖర్చుకు ముడిపెట్టిన తగ్గింపే అర్థవంతం. ఆంధ్రప్రదేశ్ పట్టణాలు మాత్రం 2021లో మూలధన విలువ (స్థలం, కట్టడాల ధరను బట్టి పన్ను వేసే) పద్ధతికి మారాయి. ఖరీదైన సెంటర్‌లో విశాలమైన ఆవరణతో నిలిచిన పాత మండువా ఇంటికి, దాని అద్దెతో పొంతన లేకుండా, స్థలం ధరను బట్టి పన్ను పెరిగే వీలు అక్కడుంది కనుక అద్దె ప్రాతిపదికన విలువ కట్టే ఒప్పందం అలాంటి యజమానికి నిజంగా ఊరటనిస్తుంది.