పాత మేనేజర్ లెక్కలు ఇవ్వట్లేదు: పోలీసులా, కోర్టా, లోక్ అదాలతా?

ఈ మధ్య అపార్ట్‌మెంట్ సంఘాల వాళ్లు ఎవరు కలిసినా ఇదే అడుగుతున్నారు. మేనేజర్ మానేశాడు, లేకపోతే మాన్పించారు. క్యాష్ బుక్కు, వోచర్లు, మినిట్స్ పుస్తకం, కార్పస్ ఫండ్ (సంఘం మూలనిధి) ఎఫ్‌డీ బాండ్లు అతని దగ్గరే ఉండిపోయాయి. అడిగితే "రేపు తెచ్చిస్తా సార్" అంటాడు. మెయింటెనెన్స్‌లో కొంత అతని సొంత ఫోన్ నంబరుకే వెళ్లేది. ఇప్పుడు స్టేషన్‌కు వెళ్లడం మేలా, కోర్టుకు వెళ్లడం మేలా, పెద్దమనుషుల్లో పెట్టి తేల్చుకోవడం మేలా?

ముందు ఆ మనిషి ఎవరో తేల్చుకోండి. "మేనేజర్" అని మనం పిలిచేవాళ్లలో కనీసం మూడు రకాలున్నారు. సంఘం జీతమిచ్చి పెట్టుకున్న ఉద్యోగి ఒకరు. ఫెసిలిటీ కంపెనీ పంపిన మనిషి ఇంకొకరు. రిటైరై ఇంట్లోనే ఉంటున్నారు కదా అని సెక్రటరీ పదవితోపాటు అన్ని పనులూ అప్పగించేసిన ఫ్లాటు ఓనరుగారు మూడో రకం. కంపెనీ మనిషైతే నోటీసు వెళ్లాల్సింది కంపెనీకి. అగ్రిమెంటు తీసి వివాద పరిష్కారం క్లాజులో ఏముందో చూసుకోండి, చాలావాటిలో ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పు, అని రాసుంటుంది. ఓనరుగారే అయితే, మీ సంఘం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనదైతే, 23వ సెక్షన్ ఉంది. కమిటీలోగానీ సభ్యుల మధ్యగానీ సంఘం వ్యవహారాల మీద తగాదా వస్తే ఏ సభ్యుడైనా ఆర్బిట్రేషన్‌కు వెళ్లవచ్చు, లేదా నేరుగా జిల్లా కోర్టులో దరఖాస్తు పెట్టవచ్చు. జీతగాడు సభ్యుడు కాడు కాబట్టి అతని మీద ఈ సెక్షన్ పనికిరాదు, మామూలు సివిల్ దావాయే. కొన్ని సంఘాలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఉంటాయి, వాటి దారి వేరు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఒకసారి తీసి చూడకుండా లాయరు దగ్గరికి వెళ్లకండి.

అందరికీ మొదట తట్టేది పోలీసు స్టేషన్. నమ్మి అప్పగించిన సొమ్ము వాడుకోవడం భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షన్ కింద నేరం. మామూలుగా ఐదేళ్ల దాకా శిక్ష, ఉద్యోగే ఆ పని చేస్తే ఏడేళ్ల దాకా. 2024 జూలై 1కి ముందు జరిగిన వాటికి పాత ఐపీసీ సెక్షన్లే. వినడానికి గట్టిగానే ఉంటుంది. స్టేషన్లో మాత్రం మొదటి మాట "ఇది సివిల్ మ్యాటర్ కదండీ", రెండో మాట "ఎంత పోయింది?" ఈ రెండో ప్రశ్నకు "ఇరవయ్యో ముప్ఫయ్యో లక్షలు ఉండొచ్చు సార్" అన్నారంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. తీసుకోకపోతే పై అధికారికి పోస్టులో పంపవచ్చు, ఆ తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు. అయితే అక్కడ కూడా ఆ అంకె అడుగుతారు.

పోలీసుల దారిలో చాలామంది ముందుగా ఊహించని ఇబ్బంది ఇంకొకటుంది. కేసు నమోదై, వాళ్లు అతని ఇంట్లో రిజిస్టర్లు పట్టుకున్నారనుకోండి. అవి నేరుగా మీ చేతికి రావు, సాక్ష్యంగా కోర్టుకు వెళ్తాయి. వాటిని తాత్కాలికంగా విడిపించుకోవడానికో, నకళ్లు తెచ్చుకోవడానికో మళ్లీ పిటిషన్ వేసుకోవాలి. ఈలోగా ఆడిటరు ఖాళీ చేతులతో కూర్చుంటాడు. పైగా శిక్ష పడటం వేరు, డబ్బు తిరిగి రావడం వేరు.

సివిల్ కోర్టుకు ఓపిక ఎక్కువ కావాలి గానీ, అడగాల్సింది సూటిగా అడగవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 213వ సెక్షన్ ప్రకారం ఏజెంటు, అంటే మన తరఫున పని చేసేవాడు, మనం అడిగినప్పుడు లెక్క చెప్పి తీరాలి. లెక్కల దావా వేస్తే కోర్టు ముందు లెక్క చెప్పాల్సిందేనని ప్రాథమిక డిక్రీ ఇచ్చి, అవసరమైతే కమిషనర్‌ను పెట్టి పద్దులు తేలుస్తుంది. రికార్డులు అప్పగించమని ఉత్తర్వు అడగవచ్చు. ఆస్తి అమ్ముకుని జారుకుంటున్నాడని చూపగలిగితే తీర్పుకు ముందే జప్తు కూడా కోరవచ్చు. గడువు మూడేళ్లు. అతను పనిలో ఉండగా మీరు లెక్క అడిగి, అతను కాదంటే ఆ రోజు నుంచి లెక్కిస్తారు, అసలు అడగనే లేదంటే మానేసిన రోజు నుంచి. కొత్త కమిటీలు మొహమాటంతో ఏడాదిన్నర గడిపేసి అప్పుడు లాయర్ని వెతుక్కుంటాయి. దావా వేసే ముందు సెక్రటరీకి అధికారమిస్తూ సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసుకోండి. అది లేకపోతే అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

ఇక నేను ముఖ్యమనుకునేది. ఏ గుమ్మం ఎక్కాలన్నది రెండో ప్రశ్న. చేతిలో అంకె ఉందా అన్నది మొదటిది. పుస్తకాలు దగ్గర పెట్టుకున్నవాడి బలమంతా అవి లేకుండా మీరు లెక్క వేయలేరన్న నమ్మకంలో ఉంది. నిజానికి చాలావరకు వేయగలరు. అపార్ట్‌మెంట్ ఖర్చుల్లో ప్రతిదానికీ అవతల ఒక మనిషో ఆఫీసో ఉంటుంది. కామన్ మీటరు బిల్లులు కరెంటు డిస్కంలో దొరుకుతాయి, నీళ్ల బిల్లులు వాటర్ బోర్డులో. లిఫ్టు ఏఎంసీ (ఏడాది నిర్వహణ కాంట్రాక్టు) కంపెనీ, జనరేటరుకు డీజిల్ పోసిన బంకు, ట్యాంకర్ల వాడు, సెక్యూరిటీ ఏజెన్సీ తమ ఖాతాల స్టేట్‌మెంట్ ఇస్తారు. మనీ లాండరింగ్ నిరోధక చట్టం ప్రకారం బ్యాంకులు లావాదేవీల రికార్డులు కనీసం ఐదేళ్లు ఉంచాలి. ముందుగా తీర్మానం కాపీతో సంతకాలు మార్పించి, సంఘం ఖాతా స్టేట్‌మెంట్లన్నీ తెప్పించండి. ఎఫ్‌డీ బాండు పోయినా డబ్బు పోదు, డూప్లికేట్ ఇస్తారు. దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ ఏమైనా తీశారేమో అప్పుడే అడగండి. అతని సొంత యూపీఐకి ఎంత వెళ్లిందో తెలియాలంటే ప్రతి ఫ్లాటు వాళ్లూ తమ ఫోన్లోంచి చెల్లింపుల చరిత్ర తీసి ఇస్తే చాలు. ఇదంతా ఒక సీఏ చేతిలో పెట్టి సర్టిఫికెట్ తీసుకోండి.

లెక్క ఆగేది నగదు దగ్గరే. ఎండాకాలం ట్యాంకర్లకు, డ్రైనేజీ తీసేవాళ్లకు, మోటారు వైండింగ్‌కు చేతిలో పెట్టిన డబ్బుకు రసీదులుండవు. ఇక్కడ పట్టు కాస్త సడలించాలి. ఇలా లెక్క కట్టినచోట కొన్నిసార్లు తేలేది దొంగతనం కాదు, గజిబిజి పద్దులు. సంఘం డబ్బు తను వాడుకున్నాడు, తన జేబులోది సంఘానికి పెట్టాడు, ఏదీ రాయలేదు. అలాంటి మనిషి మీద ఎఫ్‌ఐఆర్ పెట్టిస్తే ఇచ్చేవాడు కూడా ఇవ్వడు.

అంకె తేలాక స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. రికార్డుల జాబితా వేరుగా, డబ్బు వేరుగా రాయండి. "డబ్బు సంగతి తర్వాత, పుస్తకాలు ఫలానా తారీఖులోగా ఇవ్వండి" అంటే చాలామంది సగానికి దిగొస్తారు. మిగతాదానికి నా ఓటు లోక్ అదాలత్‌కే. కేసు వేయకముందే న్యాయ సేవల సంస్థలో దరఖాస్తు పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. రాజీ కుదిరి అవార్డు వస్తే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు కూడా ఉండదు. లోపమొక్కటే, అతను రావాలి, ఒప్పుకోవాలి. ఇద్దరిలో ఒకరు కాదన్నా బలవంతం లేదు. సంతకాలు ఫోర్జరీ చేసినవాడు, ఎఫ్‌డీ బద్దలుకొట్టి ఫోన్ ఆపేసినవాడు అక్కడికి రాడు. అతని మీద అంకె పట్టుకుని నేరుగా స్టేషన్‌కే వెళ్లండి, నాకేమీ అభ్యంతరం లేదు.

మిగిలినవి క్లుప్తంగా. సొసైటీల రిజిస్ట్రార్‌కు ఫిర్యాదు ఇస్తే రికార్డుకు పనికొస్తుంది, తగాదా తేల్చడం ఆయన పని కాదు. కొత్త కమిటీ జాబితా మాత్రం అక్కడ దాఖలు చేసి ఉంచండి. ఆఖరి జీతం ఆపేయడం మంచిది కాదు, అతనే కార్మిక శాఖలో ఎదురు ఫిర్యాదు పెడతాడు. వాట్సాప్ గ్రూపులో "దొంగ" అని ఫొటోతో పెట్టారంటే పరువు నష్టం కేసు మీ మీదికే వస్తుంది.

రాజీలో వాయిదాలు ఒప్పుకుంటే ఒక్కో వాయిదాకు చెక్కు తీసుకోండి, వేరే కాగితం మీద దేనికోసమో రాయించి సంతకం పెట్టించండి. చెక్కు బౌన్సయితే బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి, అందాక 15 రోజుల్లో అతను కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు మేజిస్ట్రేట్ దగ్గర నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద ఫిర్యాదు వేయాలి. ఈ తారీఖులు కమిటీలో ఒకరి ఫోన్లో అలారంగా ఉండాలి, వాళ్లు ఈ ఏడాది పదవి దిగిపోయేవాళ్లు కాకూడదు.