కిలోంపావు కెమెరాతో మూడేళ్ళు: పిట్టల కోసం కానన్ ఆర్7

మా వీధి చివర కిరాణా కొట్టులో ఉల్లిపాయలు తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద ఒకరోజు నా కెమెరా పెట్టాను. కొట్టాయన వింతగా చూశాడు. పాత కానన్ 7డీ మార్క్ 2, దానికి తగిలించిన సిగ్మా 150-600 లెన్స్ (ఈ అంకెలు మిల్లీమీటర్లు, అంకె పెరిగేకొద్దీ పిట్ట దగ్గరగా కనిపిస్తుంది), రెండూ కలిపి 2,840 గ్రాములు చూపించింది. "మూడు కేజీలకి కాస్త తక్కువండి, కవర్లో వెయ్యమంటారా?" అన్నాడు నవ్వుతూ. అప్పటికి నా కుడి భుజం పట్టేసి నాలుగు నెలలు. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. చెయ్యెత్తి చొక్కా తొడుక్కోవడమే గగనంగా ఉంటే, ఆ గొట్టాన్ని ఎత్తి చెట్టు చివరి పిట్టకి గురిపెట్టడం ఎక్కడ!

2022 చివర్లో కానన్ ఈఓఎస్ ఆర్7, దానితో ఆర్ఎఫ్ 100-400 లెన్స్ కొన్నాను. బ్యాటరీ, కార్డు వేసి బాడీ 612 గ్రాములు. లెన్స్ 635. అదే కాటా మీద ఫిల్టరుతో సహా పెడితే కిలోంపావు, పైన కొసరు. అప్పట్నుంచి మా విశాఖ చుట్టుపక్కల కంబాలకొండ అడవి, మేఘాద్రిగెడ్డ జలాశయం, కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు, భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటు, ఎక్కడికి వెళ్ళినా అదే. స్కూటరు డిక్కీలో పట్టేస్తుంది కాబట్టి పాలప్యాకెట్‌కి వెళ్ళినప్పుడు కూడా ఉంటుంది. మా ఆవిడ దీనికి "రెండో పాలప్యాకెట్" అని పేరు పెట్టింది.

కొనేముందు నెల్లాళ్ళు లెక్కల్లో మునిగాను. తేలిందేమిటంటే, బాడీ బరువు చూసి మురిసిపోకూడదు, మనం మోసేది లెన్స్‌ని. ఇప్పుడు దొరికే సోనీ ఏ6700 సంగతే చూడండి. బాడీ 493 గ్రాములే, పిట్ట కన్ను పట్టుకోవడంలో గట్టిది. కానీ పిట్టలవాళ్ళు ఎక్కువగా ఇష్టపడే ఆ కంపెనీ 200-600 లెన్స్ బరువు 2,115 గ్రాములు. మళ్ళీ మా కొట్టాయన కాటా దగ్గరికే వచ్చాం. వాళ్ళదే 70-350 తేలిక, 625 గ్రాములే, కానీ 350 దగ్గర ఆగిపోతుంది. పిట్టలకి ఆ చివరి యాభై కూడా విలువైనదే.

నన్ను నిజంగా ఊగిసలాడించింది ఓఎం సిస్టమ్ ఓఎం-1. బాడీ 599, దాని 100-400 లెన్స్ 1,120 గ్రాములు. సెన్సర్ (లోపల బొమ్మ పడే చిప్పు) చిన్నది కాబట్టి 400 దగ్గర, పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 800 లెన్స్‌తో చూసినంత దగ్గరగా కనిపిస్తుంది. సెన్సర్ స్టాక్డ్ రకం, అంటే బొమ్మని చాలా వేగంగా చదివేది కావడంతో చప్పుడు లేని షట్టర్‌ని ఎగిరే పిట్టల మీద కూడా ధైర్యంగా వాడొచ్చు. తుంపరకి జంకదు. జేబు కాస్త బరువుగా, భుజం కాస్త నయంగా ఉండి ఉంటే అదే కొనేవాణ్ణేమో. చివరికి అరకిలో తేడా, ఇంట్లో మూలపడి ఉన్న మూడు పాత బ్యాటరీలు కలిసి తీర్పు చెప్పేశాయి. 7డీ మార్క్ 2 బ్యాటరీలు ఆర్7లో కూడా పడతాయి. కొత్త బ్యాటరీల ఖర్చు తప్పింది.

600 నుంచి 400కి దిగితే పిట్ట చిన్నదైపోదా అని మిత్రులు బెదిరించారు. రెండు కెమెరాల సెన్సర్ సైజు దాదాపు ఒకటే. పాతది 20 మెగాపిక్సెల్, ఇది 32.5. అంటే పిట్ట మీద పడే పిక్సెల్స్ లెక్కన దీని 400, పాతదాని మీద 500 పెట్టినంత. నష్టం ఉంది కానీ రెండు వందలు కాదు, వంద. ఆ వందకి నేను రెండడుగులు ముందుకి వేస్తాను. ఇంత తేలిక సామానుతో వెయ్యగలను కూడా.

తేలికదనం విలువ నాకు పూర్తిగా తెలిసింది మాత్రం కొండకర్ల ఆవలో. అక్కడి దోనెలు రెండు తాటి మానులు జత కట్టి చేసినవి. మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే నీళ్ళు జానెడు కింద. మనం తుమ్మినా దోనె ఊగుతుంది. పాత గొట్టంతో వెళ్ళినప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పిట్ట కనిపించాక ఎత్తి, నిలదొక్కుకునేసరికి పిట్ట ఇంకో తామరాకు మీద ఉండేది. కొత్తదానితో మొదటిసారి ఎక్కినప్పుడు దోనె నడిపే తాత నా సంచీ కేసి చూసి "ఏటి బాబూ, పెద్ద గొట్టం తేలేదేటి?" అన్నాడు. భుజం బాలేదని చెప్పాను. "ఇదే నయం. దాన్నెత్తినప్పుడల్లా దోనె ఓ పక్కకి ఒరిగిపోయీది" అన్నాడు. నాకు ఇన్నేళ్ళుగా ఎవరూ చెప్పని సమీక్ష అది.

ఆ రోజు తామరాకుల మీద జకానా అనే నీటిపిట్ట ఒకటి నడుస్తోంది. చలికాలం కాబట్టి పొడుగు తోక లేదు. పొడవాటి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, ఆకు మునగకుండా బరువు సర్దుకుంటూ అడుగేస్తుంది. చేత్తో పట్టుకునే 400 దగ్గర రెండు నిమిషాలు వీడియో తీశాను. లెన్స్‌లో, బాడీలో రెండుచోట్లా స్థిరపరిచే ఏర్పాటు ఉంది కాబట్టి చేతి వణుకు దాదాపు కనిపించదు. దోనె ఊగడం మాత్రం కనిపిస్తుంది. దాన్ని ఏ మెషీనూ ఆపలేదు, తాతే ఆపాలి. గెడ నేలకి గుచ్చి పట్టుకోమంటే పట్టుకున్నాడు.

వీడియో సంగతి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఫొటోల కోసం కొని వీడియోలో పడ్డవాణ్ణి నేను. 4కే ఫైన్ అనే సెట్టింగు సెన్సర్ వెడల్పంతా, అంటే అడ్డంగా దాదాపు ఏడు వేల చుక్కలు (7కే) చదివి దాన్ని 4కేకి కుదిస్తుంది. ఈకల అంచులు విడివిడిగా కనిపిస్తాయి. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నేను సెకనుకి 25 ఫ్రేములే వాడతాను. హార్బర్‌లో తెల్లారకముందు లైట్ల కింద తీసినా మినుకుమినుకు రాదు. కదలిక సహజంగా ఉండాలంటే షట్టర్ 1/50 సెకను దగ్గర పెట్టాలి. మన ఎండలో అది కుదిరే పని కాదు, ఎఫ్/8లో (ఎఫ్ అంకె పెరిగితే లెన్స్ రంధ్రం చిన్నదై వెలుగు తగ్గుతుంది) కూడా బొమ్మ తెల్లగా పాలిపోతుంది. లెక్క సులభం: మంచి ఎండలో ఐఎస్ఓ (పడిన వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపించాలన్న అంకె) 100, ఎఫ్/8 అంటే 1/400 కావాలి. 1/50కి దిగాలంటే మూడు స్టాపులు, అంటే వెలుగుని ఎనిమిదో వంతుకి తగ్గించాలి, అందుకు ఎన్‌డీ8 అనే నల్లద్దం ఫిల్టర్. లెన్స్ మూతి 67 మిల్లీమీటర్లే కాబట్టి ఫిల్టర్ చవకగానే దొరుకుతుంది.

మేఘాద్రిగెడ్డలో నలుపు తెలుపు లకుముకి పిట్ట నీటి పైన ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది చూడండి, దాన్ని ఫుల్ హెచ్‌డీలో సెకనుకి 100 ఫ్రేముల మీద తీసి నాలుగింతలు నెమ్మదిగా చూస్తే, ఒళ్ళంతా ఊగుతున్నా తల మాత్రం మేకు కొట్టినట్టు కదలదు. ఆ ఒక్క ముక్క కోసం మా పక్కింటి పిల్లలు ఇప్పటికీ వస్తుంటారు. ఈ నెమ్మది వీడియోలో శబ్దం రికార్డు కాదని గుర్తుంచుకోండి. నేను కూత కోసం మళ్ళీ మామూలు వీడియో విడిగా తీస్తాను. భీమిలి వైపు గాలికి కెమెరాలోని మైకు హోరు తప్ప ఏమీ పట్టదు. బొచ్చు తొడుగు ఉన్న చిన్న మైకు పెట్టుకోవలసిందే. మైకుకి, ఇయర్‌ఫోన్‌కి రెండింటికీ జాక్‌లు ఉన్నాయి.

ఇక నా బుద్ధితక్కువ పని. ఒక సాయంత్రం కంబాలకొండలో చప్పుడు చెయ్యకూడదని సైలెంట్ షట్టర్ పెట్టాను. మర్నాడు పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. చేపల తొట్ల మీద గరుడ పక్షులు సుడులు తిరుగుతున్నాయి. నాలుగు వందల ఫొటోలు కొట్టాను. ఇంటికొచ్చి చూసుకుంటే రెక్కలు వాడిన అరిటాకుల్లా వంగి ఉన్నాయి, వెనక బోట్ల కొయ్యలు పక్కకి ఒరిగి ఉన్నాయి. ఈ సైలెంట్ పద్ధతిలో, అంటే ఎలక్ట్రానిక్ షట్టర్‌లో, సెన్సర్‌ని వరస తర్వాత వరస చదువుతుంది. పై వరస నుంచి కింది వరసకి వచ్చేలోపు రెక్క కిందికి దిగిపోతుంది. స్టాక్డ్ సెన్సర్ లేని కెమెరాలన్నిటికీ ఎంతోకొంత ఉండే లక్షణమే ఇది, పిక్సెల్స్ ఎక్కువైన కొద్దీ బాగా తెలుస్తుంది. నేను కొనేముందు చదివిందే, చదివి మరిచిపోయిందే. అప్పట్నుంచి కూర్చున్న పిట్టకి సైలెంట్, ఎగిరే పిట్టకి సెకనుకి 15 కొట్టే మామూలు షట్టర్. డయల్ మీద సి1, సి2 అని రెండుగా దాచిపెట్టుకున్నాను. సి2 టకటకమని గట్టిగానే మోగుతుంది. హార్బర్ గోలలో ఎవరికి పట్టింది!

లెన్స్ గురించి మొహమాటం లేకుండా చెప్పాలంటే ఎఫ్/8 చీకటి. 400 దగ్గర అంతకంటే తెరుచుకోదు. కొనేవాళ్ళు ఈ ఒక్క విషయం మీద రెండురోజులు ఆలోచించుకోవాలి. తొలకరి ముందర కంబాలకొండలో పొన్నంకి పిట్ట ఎండుటాకులు తిరగేస్తూ తిరిగేటప్పుడు, వెలుగు అంతంతమాత్రం. (పిట్టా అనే శాస్త్రీయ నామం మన తెలుగు పిట్ట నుంచే వెళ్ళింది, అందుకని దాని మీద నాకు కాస్త పక్షపాతం.) ఐఎస్ఓ 6400, షట్టర్ 1/125. పదిలో ఏడు ఫొటోలు కదిలిపోతాయి, మూడు నిలుస్తాయి. ఫొటోలో ఇసక చల్లినట్టుండే నాయిస్‌ని తగ్గించే సాఫ్ట్‌వేర్ ఉంటే ఆ మూడూ గోడకి తగిలించుకునేలా వస్తాయి.

అనంతగిరి కాఫీ తోటల్లో అయితే ఆ మూడు కూడా రాలేదు. అక్కడ అబ్బాట్స్ బాబ్లర్ అనే గోధుమరంగు పిట్ట ఉంది. తూర్పు కనుమల్లో ఉండే దాని ఉపజాతికి 1985లో విశాఖకి చెందిన పక్షి శాస్త్రజ్ఞుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారి పేరు పెట్టారు. మన ఊరాయన పేరు మోస్తున్న పిట్ట కదా అని రెండు పొద్దులు పొదల ముందు కూర్చున్నాను. పొద అడుగున గోధుమరంగు నీడ ఒకటి కదిలింది, అంతే. ఐఎస్ఓ 12,800 దాకా వెళ్ళినా ఫొటోలో అది పిట్టో, ఎండుటాకో మా ఆవిడ చెప్పలేకపోయింది. అయితే వీడియో ఆన్ చేసి ఉంచడం వల్ల దాని ఈల మాత్రం శుభ్రంగా రికార్డయింది. పొదల్లో తిరిగే పిట్టలే మీ ఇష్టమైతే ఈ లెన్స్ వద్దు. ఇదే బాడీకి ఎక్కువ వెలుగు తీసుకునే లెన్స్ కొనుక్కుని బరువుతో రాజీపడండి.

ఆటోఫోకస్ ఆరుబయట భేష్. పిట్ట కంటి మీద చిన్న పెట్టె వచ్చి కూర్చుంటుంది, మనం ఫ్రేము చూసుకుంటే చాలు. పుల్లల మధ్య తేనెపిట్ట లాంటిదైతే మనమే సాయం చెయ్యాలి. నేను ఏఎఫ్-ఆన్ బటన్‌కి కన్ను వెతికే పద్ధతి, పక్కనున్న నక్షత్రం బటన్‌కి ఒక్క చుక్క ఫోకస్ పెట్టుకున్నాను. ముందు చుక్కతో పిట్టని పట్టి, తర్వాత బొటనవేలు పక్కకి జరిపితే కన్ను దొరుకుతుంది. అలవాటు కావడానికి పదిహేను రోజులు పట్టింది.

విశాఖలో కెమెరాకి అసలు శత్రువు ధర కాదు, చెమ్మ. ఈ లెన్స్‌కి నీరు, దుమ్ము ఆపే సీలింగ్ లేదు. తుంపరలో షవర్ క్యాప్ తొడిగి రబ్బరు బ్యాండ్ వేస్తాను, చూసేవాళ్ళు నవ్వుకోనీ. సముద్రం దగ్గర్నించి వచ్చిన ప్రతిసారీ కాస్త తడిపి పిండిన గుడ్డతో తుడిచి, ఆపైన పొడిగుడ్డ. ఏసీ గదిలోంచి తెల్లవారుజామున నేరుగా బయటికి తెస్తే అద్దం మీద మంచు కమ్మేస్తుంది. అందుకని ముందురోజు రాత్రే సంచీని హాల్లో పెట్టేస్తాను. కొత్తది వచ్చిన మురిపెంలో పాత సిగ్మా లెన్స్‌ని సంచీలోనే చుట్టి బీరువాలో పడేశాను. వానాకాలం వెళ్ళాక తీస్తే లోపలి అద్దం మీద సాలెగూడు పోగుల్లా ఫంగస్. శుభ్రం చేయించాను గానీ పూత మీద చిన్న మరక ఉండిపోయింది. తప్పు నాదే. ఆ వారమే డ్రై క్యాబినెట్ కొన్నాను, తేమ 45 శాతం దగ్గర పెట్టి ఉంచుతాను. అంత ఖర్చు వద్దనుకుంటే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, నీలం రంగు సిలికా జెల్ చాలు. జెల్ గులాబీ రంగుకి తిరిగితే మార్చాలి. బియ్యం డబ్బాలో పెట్టమని సలహా ఇచ్చేవాళ్ళ మాట వినకండి, ఆ పిండి లెన్స్ సందుల్లోకి దూరుతుంది.

చిన్నాచితకా విషయాలు: లెన్స్ మూతికి తొడిగే హుడ్ విడిగా కొనుక్కోవాలి. హెచ్‌డీఎమ్ఐ సాకెట్ మైక్రో రకం, ఒత్తిడి తగలకుండా చూసుకోవాలి. కార్డులు రెండు పడతాయి, అది పెద్ద ధైర్యం. బటన్ నొక్కకముందు అరసెకను కూడా దాచిపెట్టే బర్స్ట్ (వరసగా ఫొటోలు కొట్టే పద్ధతి) ఉంది, లకుముకి నీళ్ళలోకి దూకే క్షణం దానితోనే దొరికింది. కాకపోతే అన్నీ ఒకే ఫైల్‌గా చుట్టి ఇస్తుంది, కావలసినవి విడదీసుకోవాలి. మొదటి నెలలో ఒక్క పొద్దున మూడు వేల ఫొటోలు కొట్టి, సాయంత్రం ఏరుకోలేక చచ్చాను. ఇప్పుడు మూడు వందలు దాటవు.

భుజం నయమైంది. ఆ ధైర్యంతో ఒకసారి పాత సిగ్మాని అడాప్టర్ పెట్టి ఆర్7 మీద బిగించి మేఘాద్రిగెడ్డ గట్టు మీద నడిచాను. పనిచేసింది. 600 దగ్గర నీటికాకి కన్ను ఆకుపచ్చగా మెరవడం కూడా కనిపించింది. కిలోమీటరు నడిచాక రాయి మీద కూర్చుండిపోయాను. ఇప్పుడా లెన్స్ క్యాబినెట్‌లో అడుగు అరలో ఉంది. మా మేనల్లుడు అడుగుతున్నాడు. మరక సంగతి చెప్పాను, పర్లేదు మావయ్యా అన్నాడు. తీసుకెళ్ళే ముందు కొట్టాయన కాటా మీద ఒకసారి తూయించుకోమన్నాను.