పూడిక ఎవరు తీస్తారు? కాకినాడ నుంచి నర్సాపురం దాకా నాలుగు రోజులు

మా అపార్ట్‌మెంట్ సంఘానికి రెండేళ్లు సెక్రటరీగా చేశాను. నలభై ఫ్లాట్ల వాళ్లని ఒప్పించి సంపు కడిగించలేక చేతులెత్తేసిన మనిషిని. అందుకే ఈసారి గోదావరి జిల్లాలకు వెళ్తూ, కొబ్బరితోటలతో పాటు ఇంకో సంగతి కూడా చూసి రావాలనుకున్నాను. ఊరంతా కలిసి మొదలుపెట్టిన పని పదేళ్ల తర్వాత కూడా నడుస్తోందంటే, దాన్ని నడిపేదెవరు? జనవరి మొదటి వారంలో నేను, మా ఆవిడ, మా బావమరిది బయల్దేరాం. బావమరిదికి ఇవేమీ పట్టవు, వాడి ధ్యాసంతా తిండి మీదే.

మొదటి రాత్రి కాకినాడలో బస్టాండుకు దగ్గర్లో ఒక లాడ్జి. ఏసీ గది 1,800 రూపాయలు. వేడినీళ్లు ఇరవై నాలుగ్గంటలూ వస్తాయని ఫోన్లో చెప్పారు, తెల్లారి ఏడున్నరకే ఆగిపోయాయి. అడిగితే "అందరూ ఒకేసారి వాడేశారండి" అన్నారు. దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఒక్క రాత్రికైతే పర్వాలేదు, రెండో రాత్రి ఉండక్కర్లేదు.

కోరంగికి ఆటోవాళ్లు చెప్పే రేట్లకు భయపడొద్దు. యానాం వెళ్లే బస్సెక్కితే దారిలోనే దిగొచ్చు. 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఇది, 1978లో ప్రకటించారు. ఉప్పునీటి బురదలో పెరిగే మడచెట్ల మధ్యనుంచి వేసిన చెక్క బాట మీద నడవడమే ఇక్కడ అసలు సుఖం. పడవ కావాలంటే పోటు సమయం, అంటే సముద్రపు నీళ్లు కాలువల్లోకి ఎక్కే వేళ, ముందే కనుక్కోండి. మేం నీళ్లు వెనక్కి తీసే పాటు వేళ వెళ్లాం, కాలువలో బురద తప్ప నీళ్లు లేవు, పడవ కదల్లేదు. బావమరిది మొహం మాడ్చుకున్నాడు కానీ నాకు అదే మేలైంది. నీళ్లు తీసినప్పుడే బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు, వాటి మధ్య గెంతే చేపలు, ఎర్ర పీతలు కనిపిస్తాయి. చేపలు పట్టి తినే బావురు పిల్లి కనిపిస్తుందేమోనని ఆశపడకండి, అది రాత్రి తిరిగే జీవం.

బాట చివర్లో ఒక పెద్దాయన కలిశాడు. పక్క మత్స్యకార గ్రామం ఆయనది. "ఇటేపంతా చౌడు పర్రండి ఒకప్పుడు, గడ్డి కూడా మొలిచేది కాదు" అన్నాడు. వంటచెరకు కోసం చెట్లు నరికేశాక నేల కుంగి, పోటు నీళ్లు లోపలికొచ్చి అక్కడే నిలిచి, ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుపోయింది. 1990లలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, ఈ ఊళ్ల వనసంరక్షణ సమితులు కలిసి దానికో ఉపాయం పట్టాయి. ఏటిపాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వారు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుందట. పోటుకు నీళ్లు ఎక్కి, పాటుకు దిగిపోతుంటే ఉప్పు కడుక్కుపోయింది. ఆ కాలువ గట్ల వాలులో మొక్కలు నాటారు. వినడానికి ఇంతే. కానీ పోటుతో పాటు ఒండ్రు కూడా వస్తుంది, కాలువలు పూడిపోతాయి. "తవ్వడానికి అందరూ వత్తారండి, ఫొటోలూ అవీ ఉంటాయి కదా. పూడిక తీయడానికే మనిషి దొరకడు" అన్నాడు. ఆ మాట తర్వాత ప్రయాణమంతా నా వెంటే వచ్చింది.

యానాంలో మధ్యాహ్నం భోజనం. బాగుంది, అంతకుమించి చెప్పేదేమీ లేదు. అన్నట్టు, జనవరిలో ఎవరైనా పులస వడ్డిస్తామంటే నమ్మకండి. పులస వరద కాలంలో ఎదురీదుతూ వచ్చే చేప. ఈ రోజుల్లో దొరికేది ఇంకేదో.

రెండో, మూడో రాత్రులు రాజోలు వైపు ఒక ఊళ్లో, మండువా లోగిలిలో. ఇంటివాళ్లు రెండు గదులు బయటివాళ్లకిస్తున్నారు. మనిషికి 1,200, మూడు పూటలా భోజనంతో కలిపి. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, గడ్డపెరుగు. ఒక్క లోపం: స్నానానికి ఉప్పు బోరు నీళ్లే, సబ్బు నురగ రాదు. తాగడానికి టిన్ను నీళ్లు పెట్టారు. చుట్టూ గోదావరి పాయలుండగా నీళ్లు కొనుక్కోవడమేమిటని మా ఆవిడ అడిగింది. "కాలవ నీళ్లు రొయ్యల చెరువుల వాసనండి, బోరు ఉప్పండి. వేసవిలో కాలవ కట్టేత్తే ఊరచెరువే గతి" అంది ఇంటావిడ, నవ్వుతూనే.

సాయంత్రం ఇంటాయన మమ్మల్ని మురుగు కాలువ దగ్గరకు తీసుకెళ్లాడు. గోదావరికి వచ్చినవాళ్లకి ఎవరైనా మురుగు కాలువ చూపిస్తారా అని బావమరిది గొణిగాడు. ఇక్కడి రైతుకు సాగునీటి కాలువ ఎంతో, మురుగు కాలువ అంత. కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయి డెల్టాకు నీళ్లు తెచ్చింది, ఆ నీళ్లు పొలంలోంచి బయటికి పోయే దారి కూడా కావాలి కదా. అది పూడిపోయి, గుర్రపుడెక్క పట్టేస్తే, సార్వాలో, అంటే వానాకాలం వరి పంటలో, ఒక్క పెద్ద వాన చాలు, చేను వారం రోజులు మునిగే ఉంటుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సార్వా వెయ్యకుండా వదిలేసిన కారణాల్లో గిట్టుబాటు ధర, కూలీల ఖర్చులతో పాటు ఈ ముంపు కూడా ఉంది. కారణాలు తేల్చమని ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా కమిటీని వేసింది. 2022లో కొన్ని మండలాల్లో మళ్లీ అదే విరామం. కాలువల బాగోగులు చూడాల్సిన రైతుల నీటి సంఘాలు 1997 చట్టంతో వచ్చాయి, వాటికి చాలా ఏళ్లు ఎన్నికలే లేవు, 2024 డిసెంబరులో జరిగాయి.

మేం చూసిన కాలువ సగం శుభ్రంగా ఉంది. మిగతా సగంలో గుర్రపుడెక్క ఎంత దట్టంగా ఉందంటే, కొంగ దాని మీద నడుచుకుంటూ వెళ్తోంది. ఆ రెండిటి మధ్య గీత గీసినట్టు ఒక తాటిచెట్టు. "ఇక్కడిదాకా మాదండి" అన్నాడాయన.

డబ్బులెలా వసూలు చేస్తారని అడిగాను, నా బాధ నాది. మొదట్లో ఇల్లిల్లూ తిరిగారట, ఎవరూ ఇవ్వలేదట. పైన ఉన్న పొలాలకు ముంపు రాదు కాబట్టి వాళ్లకి పట్టదు, శివారు పొలాల వాళ్లే ఏడవాలి. పైగా సాగు చేసేదంతా కౌలు రైతులు, ఆసామి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. కాలువ బాగుపడితే లాభం ఆసామి భూమికి, ఖర్చు మాత్రం కౌలుదారుకా అని గొడవ. చివరికి ధాన్యం కాటా వేసేచోటే ఎకరానికి ఇంతని పట్టుకోవడం మొదలుపెట్టారు. సగం కౌలు బస్తాల్లోంచి పోతుంది, అంటే ఆసామి వాటా. పొక్లెయిన్ అద్దె, డీజిల్, డ్రైవరు భోజనం, అన్నీ చేత్తో రాసి రామాలయం గోడకు అంటిస్తారు. ఆ కాగితం నేను చదివాను. కింద బాకీ ఉన్నవాళ్ల పేర్లున్నాయి. మొదటి పేరు మా ఇంటాయన సొంత తమ్ముడిది.

"మరి మీ తమ్ముడే ఇవ్వకపోతే ఎలాగండీ?" అన్నాను.

"ఆయ్, అందుకే పైన రాసానండి. లేకపోతే ఊళ్లో నన్నంటారు."

తాటిచెట్టు అవతల రొయ్యల చెరువులవాళ్లతో మాత్రం ఇంకా కుదర్లేదు. నీళ్లు తోడి మురుగులోకే వదులుతారు, డబ్బులివ్వమంటే మాది వరి కాదంటారు. దానికేం దారి అని అడిగితే ఆయన కొంగ వైపు చూశాడు తప్ప జవాబు చెప్పలేదు.

నాలుగో రోజు సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బండ్లను కూడా ఏరు దాటించే పడవ, ఎక్కి నర్సాపురం. కార్లు, మోటార్ సైకిళ్లు, గేదె దూడ, పెళ్లి సామాన్లు, మేము. చించినాడ వంతెన మీద నుంచి చుట్టూ తిరిగి రావచ్చు గానీ పంటు వదులుకోవద్దు. పంటు నిండేదాకా కదలదు కాబట్టి రైలు టైముకు గంట ముందే రేవు దాటండి.

సీతారాంపురం లేసు పార్కుకు మా ఆవిడ కోసం వెళ్లాం. ఇక్కడి క్రోషే అల్లిక లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. అల్లేది ఇళ్లలో ఆడవాళ్లు, అమ్మకం మాత్రం చాలాకాలంగా దళారుల చేతుల్లోదే. కొనేటప్పుడు బేరం మరీ తెగ్గొట్టకండి, తగ్గించిన ప్రతి రూపాయీ ఎవరి కూలిలోంచి పోతుందో తెలిసిందే. మేం ఒక బల్లగుడ్డ తీసుకున్నాం. అమ్మినావిడ దాన్ని వెలుతురులో పరిచి, ఇది ఒక్కరు అల్లింది కాదంది. చదరాలు తలా కొన్ని అల్లుకొస్తారట, తర్వాత ఒకరు కూర్చుని అతుకుతారట. ఒక మూల చదరాలు కాస్త బిగుతుగా, పక్కవి కాస్త వదులుగా ఉన్నాయి.

"ఈ బిగుతు చెయ్యి మా తోటికోడలిదండి" అంది, వేలితో రుద్ది చూపిస్తూ. "చెప్తే వినదు. అతికేటప్పుడు నేనే సర్దుకుంటాను."